కల్లం మీద పరుగు

చీరాల,
21-1-2000

తమ్ముడు చలమయ్యకు,

మీ బావా నేనూ బాగానే ఉన్నాం. సాయిలక్ష్మి ఉబ్బసం ఈ చలికి ఎలా ఉందో పోయిన ఉత్తరంలో నువ్వు ఒక్క ముక్క రాయలేదు. కాయ రేటు గురించి మాత్రం పేజీ నిండా రాశావు.

ఇక అసలు సంగతి. ఫోన్ చేసి చెప్పవచ్చు. కాని మీ ఊరికి ఉన్నది ఒక్క బూత్. అందులో నువ్వు మాట్లాడితే బస్సు దిగినవాళ్ళంతా నిలబడి వింటారు. పైగా నువ్వు అరుస్తావు. ఉత్తరంలో అరవలేవు కాబట్టి రాస్తున్నాను.

నీ కూతురు రమ్య పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. డిగ్రీ అయ్యాక మా ఇంటి నుంచి బయలుదేరే ముందే పెట్టింది. నింపింది తను, పోస్టు చేసింది నేను. పిల్లను తిట్టకు. తిట్లు ఏమన్నా మిగిలితే నాకు రాయి. నిన్న పిలుపు కార్డు వచ్చింది, దీంతోపాటే పెట్టాను. మార్చి ఇరవై ఏడున గుంటూరులో దేహదారుఢ్య పరీక్ష. పరుగు, లాంగ్ జంపు, గుండు విసరడం. ఈ మూడింట్లో నెగ్గినవాళ్ళకే తరవాత రాత పరీక్ష.

సాధన ఎలా చేయాలో ఆలోచించి పెట్టాను. దూకడానికి మీ చేలో నీళ్ళ బోదె ఉంది. గుండుకి సాయిలక్ష్మి రుబ్బురోలు పొత్రం తీసుకోండి. గ్రైండరు వచ్చాక దానికి పనేముంది? పరుగుకే చోటు చూసుకోవాలి. రోడ్డు మీద ట్రాక్టర్లు, టీకొట్టు దగ్గర కుర్రాళ్ళు. చేలో నల్లరేగడి పగిలి ఉంది, పర్రెల్లో కాలు పడితే చీలమండ బెణుకుతుంది. ఇంటి ముందున్న మన కల్లం ఒక్కటే గట్టిగా, చదునుగా ఉంటుంది. కాయ మధ్యలో ఆరబోసుకో, చుట్టూ అంచున దారి వదులు. పొద్దున్నే అక్కడ పరిగెత్తమను. రోజూ రెండు గుడ్లు, నానబెట్టిన పెసలు. కోతకి పంపకు.

కుదరదని రాయకు. ఎలా కుదిరిందో రాయి.

మీ అక్క
వెంకటేశ్వరమ్మ


నడింపాడు,
27-1-2000

అక్కకి చలమయ్య దండాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివా. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి ఒళ్ళు మండింది. మూడోసారి చదువుతుండగా సాయిలక్ష్మి లాక్కుని పోపుల డబ్బాలో దాచింది.

ఏమనుకుంటున్నావు అక్కా నువ్వు? కల్లం అంటే స్టేడియమా? తొలికోత కాయ దిగింది. కూలీలు దొరక్క నేను చస్తుంటే, పెసలు నానబెట్టమని నాకు ఉత్తరం. మన పక్కచేను పేరయ్యకి అప్పుడే తెలిసిపోయింది. "ఏరా చలమయ్యా, దొంగల్ని పట్టుకోటానికి మీ అమ్మాయి, తన్నటానికి మీ అక్క. ఇక పోలీస్ స్టేషనెందుకురా, మీ పంచలో బెంచీ వేస్తే చాలదూ?" అన్నాడు టీకొట్టు దగ్గర. అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సొచ్చింది.

చిలకలూరిపేట కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసే పనికి మాట్లాడి పెట్టా. ఫాను కింద కూర్చునే పని. ఎండలో లాఠీ పట్టుకుని నిలబడే పని నా కూతురికెందుకు?

అయినా నీ నోటికి భయపడి ఒక మాట ఇస్తున్నా. ఫిబ్రవరి రెండో ఆదివారం నేనే కల్లం దగ్గర నిలబడి చూస్తా. బావ ఇచ్చిన గడియారం ఉందిగా. పిలుపు కార్డులో ఉన్న టైములో పరిగెత్తిందా, గుంటూరు నేనే తీసుకెళ్తా, బూట్లు కూడా నేనే మోస్తా. లేకపోతే సోమవారం పేటలో పనికి చేరాలి. నువ్వు మాట్లాడకూడదు.

సాయిలక్ష్మికి ఎప్పట్లాగే ఉంది. కాయ దిగే రోజుల్లో దానికి ఎక్కువేగా. పడుకోదు, పడుకోనివ్వదు.

ఉంటా. కూలీలు వచ్చారు.
చలమయ్య


చీరాల,
1-2-2000

చలమయ్యా,

నీ ఉత్తరం విప్పగానే నాకు నాలుగు తుమ్ములు, మీ బావకి రెండు. కల్లంలో కూర్చుని రాశావా? చేతులు కడుక్కుని రాయడం నీకు అమ్మ కూడా నేర్పలేకపోయింది.

పందెం ఒప్పుకున్నాను. నువ్వు మాట తప్పితే మాత్రం నేను వచ్చి ఆ పంచలో బెంచీ వేసుకుని కూర్చుంటాను. పేరయ్యకి ముందే చెప్పు.

మా వీధిలో కుట్టుపని చేసే ఖాదర్‌బీ చేత రమ్యకి రెండు నీలం ప్యాంట్లు కుట్టించి పంపుతున్నాను. చీలమండ దాకా ఉంటాయి. నువ్వు నిక్కరు నిక్కరు అని గోల పెట్టకుండా ముందే చెబుతున్నాను. మొదటిది ఆవిడ అలవాటుకొద్దీ లంగాకి ఎక్కించినట్టు బొందు ఎక్కించింది. పరుగులో ఊడితే పోలీసులు పట్టుకోవలసింది మనల్నేనమ్మా అంటే పడీపడీ నవ్వి, ఎలాస్టిక్ వేసి ఇచ్చింది.

పరుగుకి ముందు కడుపునిండా తినవద్దను. పరుగయ్యాక వెంటనే కూర్చోవద్దను. రోజూ ఏం తిన్నదీ ఎలా పరిగెత్తిందీ నాకు కార్డు రాయమను. ఇక్కడ వంటింటి తలుపు వెనక రాసి పెట్టుకుంటున్నాను. మీ బావ పాలలెక్క అనుకుని నిన్న సగం తుడిచేశారు.

అక్క


నడింపాడు,
14-2-2000

అక్కా,

ఈ ఉత్తరం రాయటానికి మనసు రావటం లేదు. అయినా రాయాలి.

నిన్న పొద్దున పరిగెత్తింది. నేను, సాయిలక్ష్మి, పిలవకపోయినా పేరయ్య. మొదలు బాగానే ఎత్తుకుంది. నిజం చెప్తున్నా, లేడిపిల్లలాగా వెళ్ళింది. నా కూతురేనా అనుకున్నా. సగం దాటి మూల తిరిగిందో లేదో దగ్గు మొదలైంది. వంగిపోయింది. కళ్ళలో నీళ్ళు. దగ్గరికి పరిగెత్తి పట్టుకుంటే ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయి అక్కా. వాళ్ళమ్మ ఛాతీలో ఇరవై ఏళ్ళుగా నేను వింటున్న కూతలే.

సాయిలక్ష్మి చూసి అక్కడే కూలబడింది. "నా జబ్బు నా పిల్లకి ఇచ్చానా" అని ఒకటే ఏడుపు. మన ఊరి డాక్టరు గొట్టం పెట్టి చూసి, ఆయాసం మొదలైంది, తల్లి నుంచి వస్తుంది, పరుగులూ గిరుగులూ వద్దన్నాడు. పదిరోజుల నుంచీ దగ్గొస్తోందంట. నీకు కార్డులో రాయలేదంట, రాస్తే నువ్వు మానేయమంటావని.

పొత్రం అటక మీద పెట్టించా. దాంతో ఇప్పటికే పెరట్లో అరటిచెట్టు విరిగింది, అది పోతే పోయిందిలే. పిల్ల ఊపిరి నాకు ముఖ్యం. పందెం పెట్టుకున్నాం కాబట్టి నువ్వు మాట్లాడకూడదు.

చలమయ్య


చీరాల,
17-2-2000

చలమయ్యా,

మాట్లాడతాను.

మూడేళ్ళు ఆ పిల్ల నా ఇంట్లో ఉంది. కాలేజీకి రోజూ సైకిలు తొక్కింది. రైలుగేటు పడితే సైకిలు భుజాన వేసుకుని మెట్ల వంతెన ఎక్కి దిగేది. ఒక్కనాడు దగ్గలేదు. నీ దగ్గర నెల పరిగెత్తకుండానే ఆయాసం ఎలా వచ్చింది?

నేను చెబుతాను. ముందురోజు సాయంత్రం దాకా కోతలో వంచి ఉంటావు. తిండి సరిగా పడి ఉండదు. అలసిన పిల్లను నిలబెట్టి, పక్కన పేరయ్యను నిలబెట్టి, పరిగెత్తు అన్నావు. నువ్వు ఓడిపోకుండా చూసుకున్నావు. కోల్డ్ స్టోరేజీ వాళ్ళకి మాట ఇచ్చేశావు కదా, అది నిలబెట్టుకున్నావు.

మీ ఊరి డాక్టరు జ్వరానికీ పాముకాటుకీ ఒకటే సూది వేస్తాడని నువ్వే చెప్పేవాడివి. ఇప్పుడు ఆయన మాట నీకు వేదమైపోయింది. పిల్లను ఇక్కడికి పంపు. ఛాతీ ఫోటో తీయిస్తాను. నువ్వు పంపకపోతే నేనే వస్తాను. వచ్చి ఊరకే కూర్చోను.

వెంకటేశ్వరమ్మ


నడింపాడు,
21-2-2000

అక్కా,

నేను మోసం చేశానా? రాయి, ఇంకోసారి రాయి. సాయిలక్ష్మి చదివి వినిపిస్తుంటే రమ్య ఎదురుగుండానే ఉంది. ఆ పిల్లనే అడుగు, ఈ నెలలో ఒక్క పూట కోతకి పంపానేమో. గుడ్లు ఉడకబెట్టింది ఎవరో కూడా అడుగు. సాయిలక్ష్మికి లేవటం కష్టమైన రోజున నేనే ఉడకబెట్టా. కల్లం మీద నుంచి ఇంటిదాకా భుజాన వేసుకుని తెచ్చింది ఎవరు? పేరయ్యా?

ఇరవై ఏళ్ళు ఒక మనిషి పక్కన కూర్చుని వీపు నిమిరినవాణ్ణి. ఆ కూత నాకు తెలియదా? నీకు తెలుసా?

పిల్లని రేపు బస్సెక్కిస్తున్నా. ఫోటో తీయించు. జబ్బు ఉందని తేలితే ఇంక పోలీసు మాట ఎత్తకు. లేదని తేలితే బూట్లు నేను మోస్తానన్న మాట అలాగే ఉంది.

దాంతోపాటు ఒక గోతాం కాయ పంపుతున్నా. తొలికోత కాయ, నీకిష్టమని పక్కన పెట్టింది. కోపమొచ్చినా కాయ మాననుగా.

చలమయ్య


చీరాల,
5-3-2000

తమ్ముడూ,

ఈ ఉత్తరం కూర్చుని, నిలబడి, మళ్ళీ కూర్చుని చదువు. సాయిలక్ష్మికి కూడా చదివి వినిపించు.

పిల్ల చేరిన మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఫోటో తీశారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. రెండు రోజులకి దగ్గు పోయింది. మూడో రోజు నుంచి తెల్లారగానే మొదటి బస్సుకి వాడరేవు వెళ్ళి ఇసుకలో పరిగెత్తిస్తున్నాను. పడవలు లాగేవాళ్ళు మొదట నవ్వారు. ఇప్పుడు ఎండుచేపలు ఆరబెట్టే ఆడవాళ్ళు, "ఏమ్మా, నిన్నటికన్నా వెనకబడ్డావే" అని కేకలేస్తున్నారు. దగ్గు లేదు, కూత లేదు. దాంతో నువ్వు మోసం చేశావన్న నా అనుమానం ఇంకా గట్టిపడింది. ఉన్నమాట రాస్తున్నాను.

నిన్న నీ గోతాం విప్పి కాయ డాబా మీద ఎండబోశాను. రమ్య ఆ పక్కనే తాడాట ఆడుతోంది. ఊపిరి ఎగపీలుస్తూ ఎగురుతోంది కదా, కాసేపటికి దగ్గు. కళ్ళలో నీళ్ళు. వంగిపోయింది. దగ్గరికి వెళ్ళి వీపు మీద చెవి పెడితే, నువ్వు రాసిన కూతే. కిందికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. మంచినీళ్ళు తాగింది, తగ్గింది. ఈలోపల మా డాబా మీద ఆరేసుకున్న బట్టలు తీయడానికి వెళ్ళిన ఖాదర్‌బీ, "ఏం కాయమ్మా ఇది, ప్రాణం పోతోంది" అని తుమ్ముకుంటూ దిగింది.

చలమయ్యా, పిల్లకి జబ్బు లేదు. కాయ ఘాటు. మామూలుగా నడిచేవాళ్ళు పీల్చేది వేరు, నోరు తెరిచి పరిగెత్తేవాళ్ళు పీల్చేది వేరు. రెండు వారాలకు పైగా ఆ పిల్ల ఎండుమిరప ధూళిలో పరిగెత్తింది. అక్కడ పరిగెత్తమన్నది నేనే. చదునైన నేల అనుకున్నానే గాని దాని మీద పరిచిన కాయ ఛాతీకి ఏం చేస్తుందో నాకు తట్టలేదు. అక్కడ పుట్టినదాన్ని కదా. నేను మీ ఊరు వచ్చిన ప్రతిసారీ తుమ్ముతుంటే, చీరాల మహారాణిగారు వచ్చారని మీరంతా నవ్వుతారు. నేనూ నవ్వాను. మీకు అది గాలి. నీ ఉత్తరాలకి కూడా తుమ్ముతున్నాను, అయినా బుర్రకి ఎక్కలేదు.

నువ్వు మోసం చేశావని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఇంకొక మాట. ఇది మొదటిదానికన్నా పెద్దది. సాయిలక్ష్మికి ఎప్పుడు ఎక్కువవుతుంది? నువ్వే రాశావు, కాయ దిగే రోజుల్లో అని. వానాకాలంలో తను బాగానే ఉంటుంది. తన మంచం ఎక్కడ వేస్తావు? పంచలో, కల్లానికి ఎదురుగా, గాలి తగులుతుందని. పొద్దంతా కాయలో కూర్చుని, పాడైన తాలుకాయలు ఏరేది ఎవరు? ఇరవై ఏళ్ళుగా అది తన పుట్టింటి జబ్బని మనమంతా అనుకున్నాం. వాళ్ళ పుట్టింట్లో ఎవరికైనా ఉందా? నాకు తెలిసి లేదు.

సాయిలక్ష్మిని కూడా పంపు.

అక్క


నడింపాడు,
10-3-2000

అక్కా,

పిల్లకి జబ్బు లేదన్న మాట వరకు నీ నోట్లో పంచదార పొయ్యాలి. సాయిలక్ష్మి దేవుడి గూటి ముందు దీపం పెట్టి అక్కడే కూర్చుంది, ఎంతసేపటికీ లేవలేదు.

కాని మిగతాది నేనొప్పుకోను. మిరపకాయ మనకి అన్నం పెట్టింది. నీ పెళ్ళి, నా చదువు, ఈ ఇల్లు, అన్నీ కాయే. నాన్న దాంట్లోనే పుట్టి దాంట్లోనే ఎనభై ఏళ్ళు బతికాడు. నేను పుట్టిన దగ్గర్నుంచీ పీలుస్తున్నా, నాకేమైంది? పేరయ్యకేమైంది? నువ్వు ఇవాళ సముద్రం గాలి పీల్చుకుంటూ కాయ మీద నేరం మోపుతావా?

సాయిలక్ష్మిని ఇప్పుడు పంపటం కుదరదు. రెండో కోత కల్లంలో ఉంది. తాలుకాయలు ఎవరు ఏరతారు? దాన్నడిగితే అదీ రానంది. "నేను పోతే కాయ ఎవరు చూస్తారు" అంది. చూశావా?

ఇరవై ఏడున కాయ నింపిన టిక్కీ బస్తాలు లారీలో వేసుకుని గుంటూరు మిరప యార్డుకి ఎలాగూ వస్తున్నా. పరీక్ష దగ్గరికి వస్తా. బూట్ల సంగతి మర్చిపోలేదు.

చలమయ్య


చీరాల,
28-3-2000

చలమయ్యా,

నెగ్గింది. ముందు అది రాశాను, మిగతాది తరవాత చదివినా ఫరవాలేదు.

మార్చిలో గుంటూరు ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? యార్డుకి పోయే లారీలు, ఆటోల మీద టిక్కీలు, బస్టాండులో దిగగానే ముక్కుకి తగిలింది. రమ్య మొహం పాలిపోయింది. మైదానంలో ఆడపిల్లలు బారులు తీరి ఉన్నారు. కొందరు తండ్రులతో, కొందరు మొగుళ్ళతో, ఒకమ్మాయి చంటిపిల్లను తల్లి చేతిలో పెట్టి వచ్చింది. ఎత్తు కొలిచారు. గుండు మొదటి విసురుకే దాటింది. పొత్రం ముందు అదెంత? చేతిలో తేలిగ్గా ఉందట. దూకుడు మొదటిసారి గీత తొక్కింది, రెండోసారి తగ్గింది. మూడోసారి నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఇసుకలో నిలబడి నవ్వుతోంది.

చివర పరుగు. వరసలో నిలబడి నా వైపు తిరిగి, "అత్తయ్యా, గాలి ఇటే వస్తోంది" అంది. రోడ్డు మీద లారీ ఆగి ఉంది. "రానీవే, నువ్వు దానికన్నా ముందు వెళ్ళు" అన్నాను. వెళ్ళింది. దగ్గింది కూడా. గీత దాటాక. దాటాక ఎంత దగ్గినా ఎవరూ లెక్క రాసుకోరు.

ఆ తరవాత తను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? గేటు వైపు చూడటం. నాన్న వస్తానన్నాడు అని. గుండు దగ్గర చూసింది, దూకుడు దగ్గర చూసింది, అయిపోయాక చూసింది. గేటు మూసేదాకా నిలబడ్డాం. బూట్లు సంచిలో పెట్టి నేనే మోశాను.

నేను నీ మీద తప్పు మోపానన్న కోపం ఉండవచ్చు. కాయను అన్నానని ఉండవచ్చు. పిల్ల మీద చూపిస్తావనుకోలేదు. రాత పరీక్షకి నువ్వు రానక్కరలేదు. నేనున్నాను.

వెంకటేశ్వరమ్మ


నడింపాడు,
2-4-2000

అక్కా,

నువ్వు చూసిన లారీ నాదే. అంటే నా టిక్కీలున్న లారీ.

యార్డుకి పోయేవాణ్ణి, డ్రైవరుకి చెప్పి అక్కడ ఆపించా. దిగి గేటు దాకా వచ్చా. లోపలికి అడుగు వెయ్యబోతూ చొక్కా చూసుకున్నా. తెల్లచొక్కా ఎర్రగా ఉంది. రాత్రంతా కాయ మీద పడుకుని వచ్చినవాణ్ణి. నేను దగ్గరికొస్తే పిల్ల దగ్గుతుందేమోనని గేటు దాటలేదు. ప్రహరీ అవతల చింతచెట్టు కింద నిలబడి చూశా. లారీలో కాయ గాలి అటు పోతోందని తట్టేసరికి ఈల వేసేశారు. డ్రైవర్ని తియ్యమని కేకలేశా. అప్పటికే పిల్ల గీత దాటింది. పక్కనున్న ఎవరో ఆవిడ గొడుగు లాక్కుని నువ్వు గాల్లో ఊపుతున్నావు. ఆవిడ ఎండలో నిలబడి నిన్ను తిడుతోంది. అదంతా చూశాకే లారీతో యార్డుకి పోయా. చూశానో లేదో ఇప్పుడు చెప్పు.

కాయ సంగతి నేనొప్పుకోలేదని రాశా కదా. నీది తప్పని తేల్చాలని సాయిలక్ష్మి మంచం పంచలోంచి తీసి, ఇంటి వెనక గొడ్లపాక అవతల వేశా. తెల్లారి చూద్దునుగా, ఎండ పడేదాకా పడుకునే ఉంది. ఏమైందోనని భయపడి కదిపా. "ఏంటయ్యా, నిద్ర కూడా పోనివ్వవా" అంది. మర్నాడు మళ్ళీ పంచలో వేశా. మళ్ళీ కూతలు. మళ్ళీ వెనక్కి వేశా. ఇంకెన్నిసార్లు వెయ్యను?

ఇరవై ఏళ్ళు గాలి తగులుతుందని అక్కడ పడుకోబెట్టింది నేనే అక్కా.

కాయని ఏమీ అనను. అన్నం పెట్టింది. కాని వచ్చే ఏడు కల్లం ఇంటి ముందుండదు, చేలోకి మారుస్తా. పేరయ్య నవ్వాడు. నవ్వితే, "ఒరేయ్, మీ ఆవిడ మంచం ఎక్కడుందో చూసుకో ముందు" అన్నా. ఆ మాటకి నవ్వు ఆపాడు.

తాలుకాయలు నేనే ఏరుతున్నా. సాయిలక్ష్మిని బుధవారం బస్సెక్కిస్తా. రానంటోంది, అయినా ఎక్కిస్తా. నువ్వు దానిచేత వంట చేయించకు. రాత పరీక్షకి నేనొస్తా, నువ్వు వద్దన్నా వస్తా. దానికి బూట్లక్కర్లేదంట. పెన్ను మోస్తా.

ఈ ఉత్తరం ఇంటి వెనక కూర్చుని రాస్తున్నా. రాసేముందు చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడిగా. ఉతికిన చొక్కా వేసుకున్నా. తుమ్ము వస్తే రాయి.

చలమయ్య


చీరాల,
9-4-2000

తమ్ముడు చలమయ్యకు,

సాయిలక్ష్మి క్షేమంగా చేరింది. వంట చేయించడం లేదు. వాడరేవులో కొంచెం కొంచెం నడిపిస్తున్నాను. ఎండుచేపల వాసనకి ముక్కు మూసుకుంటోంది, అది జబ్బు కాదు. తొలకరి పడేదాకా తిరిగి పంపను. నువ్వు వచ్చి అరిచినా పంపను. పెన్ను సిద్ధంగా ఉంచుకో.

నీ ఉత్తరం పోస్టులో ఆలస్యమై నిన్ననే వచ్చింది. సాయిలక్ష్మి, రమ్య, నేను ముగ్గురం దగ్గర దగ్గరగా కూర్చుని విప్పాం. విప్పి కాసేపు ఆగాం.

ఎవరికీ రాలేదు.

అక్క